పాత పోర్షే 911 మెకానికల్ ఇంజెక్షన్ సెట్టింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఏ కార్ల గురించి చెబుతున్నారు?

1969 మోడల్ నుంచి వచ్చిన 911ఈ, 911ఎస్, అమెరికాలో 1972 నుంచి 1973 మొదటి నెలల దాకా అమ్మిన 911టీ, 1973 కరెరా ఆర్‌ఎస్ 2.7, ఆ తర్వాత కొన్నేళ్లు అమెరికా బయట అమ్మిన 2.7 కరెరా. వీటన్నిటిలో బాష్ వాళ్ల ఆరు ప్లంజర్ల పంపు ఉంటుంది. కంప్యూటర్ లేదు, ఆక్సిజన్ సెన్సర్ లేదు. ఎంత పెట్రోలు వెళ్లాలో ఒక ఇనుప ముక్క ఆకారమే నిర్ణయిస్తుంది.

నాది 1972 నాటి 911టీ, 2.4 లీటర్ల ఇంజను, 140 హార్స్‌పవర్. ఉండేది కాలిఫోర్నియాలో. నేను వృత్తిరీత్యా మెకానిక్‌ని కాదు. కానీ మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో లారీల డీజిల్ పంపులు బాగు చేసేవాడు, సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆ షెడ్డులోనే నా కాలక్షేపం. ఇంత ఖరీదైన జర్మన్ కారు ఇంజను మూత ఎత్తి చూస్తే ఆ షెడ్డులోని పంపే కాస్త కురచగా కనిపించింది. ఇదే కార్లున్న మన తెలుగువాళ్లు కొందరు ఫోన్ చేసి అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే వాటిని ఇలా ఒకచోట రాశాను.

ఈ పంపు అసలు ఎలా పనిచేస్తుంది?

టాటా లారీ పంపు, ట్రాక్టర్ పంపు విప్పి చూసినవాళ్లకు సగం పాఠం ఇప్పటికే వచ్చు. బెంగళూరులో తయారైన మైకో పంపుల్లో ఉన్న సూత్రమే ఇక్కడా. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ప్లంజర్, అంటే పెట్రోలును తోసే చిన్న కడ్డీ. ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా కోసిన గాడి. ప్లంజర్ ఎప్పుడూ ఒకే ఎత్తు పైకీ కిందికీ ఆడుతుంది. దాన్ని కాస్త తిప్పితే ఆ గాడి త్వరగానో ఆలస్యంగానో తెరుచుకుని, సిలిండర్ వైపు పెట్రోలు చిమ్మే నాజిల్‌కు వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, పెరుగుతుంది. అన్నిటినీ ఒకేసారి తిప్పేది రాక్. పోర్షే పంపులో ఆరు ప్లంజర్లు మూడేసి చొప్పున రెండు వరసల్లో ఉంటాయి. ఎడమవైపు క్యామ్‌షాఫ్ట్ చివర నుంచి పళ్ల బెల్టు ఈ పంపును తిప్పుతుంది. అంటే పంపు తిరిగేది ఇంజను వేగంలో సగం.

పెట్రోలుకు డీజిల్‌లా జిడ్డు ఉండదు కాబట్టి ప్లంజర్లు అరిగిపోకుండా ఈ పంపు కింది భాగానికి ఇంజను ఆయిలే వస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద ఆయిల్‌లో పెట్రోలు వాసన గురించి చెప్పేచోట పనికొస్తుంది.

అయితే డీజిల్ పంపుకూ దీనికీ తేడా ఏమిటి?

డీజిల్ ఇంజను గాలిని ఎప్పుడూ నిండుగా పీలుస్తుంది. డీజిల్ తగ్గితే శక్తి తగ్గుతుంది, అంతే. పెట్రోలు ఇంజనుకు ఆ వెసులుబాటు లేదు. లోపలికి వచ్చిన గాలికి తగినంతే పెట్రోలు పడాలి. ఎక్కువైతే నల్ల పొగ, తక్కువైతే ఇంటేక్ గొట్టాల్లోంచి టపటపా దగ్గు.

ఇంజను ఎంత గాలి పీల్చిందో ఈ పంపు కొలవదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోంది అన్న రెండు సంగతులు చూసి గాలి ఇంత వచ్చి ఉంటుందని ఊహిస్తుంది. ఆ ఊహ అంతా పంపు వెనక భాగంలో ఉండే ఒక క్యామ్‌లో దాగి ఉంది. చూడటానికి నున్నగా అరగదీసిన బంగాళదుంపలా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే అది గుండ్రంగా తిరుగుతుంది. వేగం పెరిగితే గవర్నర్ బరువులు విచ్చుకుని దాన్ని ముందుకు జరుపుతాయి. దాని మీద ఆనుకున్న చిన్న వేలు ఎత్తుపల్లాలను బట్టి కదిలి రాక్‌ను నడుపుతుంది. జర్మనీలో ఎవరో ఇంజనీర్లు ఇంజనును టెస్ట్ బెంచి మీద గంటల తరబడి నడిపి, తేలిన అంకెలన్నిటినీ ఇనుములో చెక్కిపెట్టారన్నమాట.

దీని వల్ల మనకొచ్చే తిప్పలు ఏమిటంటే, పంపు ఊహ నిజం కావాలంటే ఇంజను అచ్చంగా ఆ టెస్ట్ బెంచి మీది ఇంజనులాగే గాలి పీల్చాలి. వాల్వుల ట్యాపెట్లు బిగుసుకున్నా, గాలి దారి తెరిచి మూసే త్రాటిల్ షాఫ్టులు అరిగి పక్కనుంచి గాలి దూరినా, లింకు రాడ్డు ఒక మిల్లీమీటరు పొట్టిదైనా, పంపుకు తెలియదు. పాత లెక్క ప్రకారమే పోస్తూ పోతుంది.

నల్ల పొగ వస్తోంది, మైలేజీ పడిపోయింది. పంపు స్క్రూ ఎటు తిప్పాలి?

ఎటూ వద్దు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి.

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇదే ప్రశ్న. నేను కారు కొన్న కొత్తలో ఒక వర్క్‌షాపుకు తీసుకెళితే అక్కడాయన పది నిమిషాలు చూసి పంపు వెనక స్క్రూ తిప్పి పొగ తగ్గించి పంపాడు. పొగ తగ్గింది నిజమే. హైవే ఎక్కగానే కారు దగ్గడం మొదలుపెట్టింది. తప్పు ఒకచోట, మందు ఇంకోచోట. దాన్ని మళ్లీ దారిలో పెట్టడానికి నాకు రెండు నెలల శనివారాలు పట్టాయి, ఎందుకంటే ఆయన ఎన్ని క్లిక్కులు తిప్పాడో ఎక్కడా రాసుకోలేదు.

ఈ ఇంజన్ల సర్దుబాటు కోసం పోర్షే కంపెనీ అప్పట్లోనే ఒక వరస నిర్ణయించింది. ముందు చూడాలి, తర్వాత కొలవాలి, చివరికే తిప్పాలి. ఆ వరసలో పంపు మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) స్క్రూలు అన్నిటికంటే ఆఖరున వస్తాయి. నేను పాటించే క్రమం ఇది.

మొదట ఎయిర్ ఫిల్టర్, తర్వాత కంప్రెషన్. ఒక సిలిండర్ నీరసంగా ఉంటే ఇక ఏ సెట్టింగూ నిలబడదు. ఆ తర్వాత ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ల సందు, అన్నీ 0.10 మి.మీ. రాత్రంతా ఆగిన ఇంజను మీద పొద్దున్నే చేయాలి. పన్నెండు వాల్వులకు పన్నెండు కొలతలు, కింద పడుకుని చేసే భాగం కూడా ఉంది, చిరాకు పుడుతుంది, అయినా తప్పదు. తర్వాత ప్లగ్గులు, పాయింట్లు, ఇగ్నిషన్ టైమింగ్. ఫైరింగ్ ఆర్డర్ 1-6-2-4-3-5. తర్వాత ఫ్యూయల్ ఫిల్టర్, ఎలక్ట్రిక్ పంపు ఇచ్చే ప్రెషర్. అది సుమారు ఒక బార్ దగ్గర ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని చేత్తో కొలిచి రాసుకున్నాకే ఇంజెక్షన్ వైపు తిరగాలి.

నిజం చెప్పాలంటే చాలా కార్లు ఈ దశలోనే బాగైపోతాయి.

అన్నీ చూశాను, ఇంకా రిచ్‌గానే ఉంది. తర్వాత ఎక్కడ చూడాలి?

రిచ్ అంటే పెట్రోలు ఎక్కువ, లీన్ అంటే తక్కువ. రిచ్‌గా ఉంటే తర్వాత చూడాల్సింది థర్మోస్టాట్. రేడియేటర్ థర్మోస్టాట్ కాదు, ఇది గాలితో చల్లబడే ఇంజను. పంపుకు తగిలించి ఒక చిన్న డబ్బా ఉంటుంది, అందులో రెండు లోహాలు అతికించిన బిళ్లలు దొంతరగా పేర్చి ఉంటాయి. ఎడమవైపు ఎగ్జాస్ట్ చుట్టూ ఉండే హీట్ ఎక్స్ఛేంజర్ నుంచి ఒక గొట్టం ద్వారా వేడిగాలి ఆ డబ్బాలోకి వస్తుంది. బిళ్లలు వేడెక్కి వంగి ఒక పిన్నును తోస్తాయి, పంపు రిచ్ నుంచి మామూలు స్థితికి వస్తుంది. చల్లని ఇంజనుకు అదనపు పెట్రోలు, వేడెక్కాక మామూలు పెట్రోలు. కార్బురేటర్ కార్లలో చోక్ చేసే పనే, కాకపోతే దానంతటదే జరుగుతుంది.

ఇక్కడ మూడు రకాల గొడవలు వస్తాయి. మొదటిది, గొట్టమే ఉండదు. యాభై ఏళ్లలో ఎవరో తీసి పారేసి ఉంటారు, లేదా చిరిగి వేలాడుతుంటుంది. రెండోది, గొట్టం ఉంటుంది కానీ హీట్ ఎక్స్ఛేంజర్లు తీసేసి రేసింగ్ హెడర్లు (ఉత్త ఎగ్జాస్ట్ గొట్టాలు) పెట్టి ఉంటారు. అప్పుడు వేడిగాలి వచ్చే దారే లేదు. పంపు పాపం ఇంకా జనవరి పొద్దున అనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మూడోది, బిళ్లలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

పరీక్ష తేలిక. ఇంజను నడుస్తుండగా గొట్టం ఊడదీసి హాట్ ఎయిర్ గన్‌తో ఆ డబ్బాలోకి వేడిగాలి పంపండి. రెండు మూడు నిమిషాల్లో మిక్స్చర్ లీన్ వైపు జరగాలి. ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను నడవడం) శబ్దంలోనే తేడా వినిపిస్తుంది. ఏమీ మారకపోతే డబ్బా విప్పి బిళ్లలు శుభ్రం చేయాలి. వాటిని తీసిన వరసలోనే, తీసిన వైపే తిరిగి పేర్చాలి. తీసేముందు ఫోటో తీసుకోండి, నాలా కూర్చుని తలపట్టుకోకండి.

కొందరు థర్మోస్టాట్‌ను వేడెక్కిన స్థితిలోనే శాశ్వతంగా లాక్ చేస్తారు. ఎండ ప్రాంతంలో, వారానికోసారి బయటికి తీసే కారుకు అది నడుస్తుంది. పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, మొదటి రెండు నిమిషాలు సీట్ల మధ్య ఉండే హ్యాండ్ త్రాటిల్ పట్టుకుని కూర్చోవాలి. నాకైతే అసలు పద్ధతే ఇష్టం.

రిచ్‌గా నడిస్తే నష్టం ఏమిటి? పెట్రోలు ఖర్చేగా?

పెట్రోలు ఖర్చుతో పోతే బాగుండేది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది, రింగులు, బేరింగులు అరుగుతాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు బంకు వాసన వస్తే ఆ ఆయిల్‌తో కారు నడపొద్దు. కారణం వెతికి, సరిచేసి, ఆయిల్ మార్చండి. మిక్స్చర్ సరిగ్గా ఉండి కూడా ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తుంటే పంపు ప్లంజర్లు అరిగి పెట్రోలు పంపు అడుగుకు కారుతోందని అనుమానించాలి. పంపు అడుగున ఉన్నది ఇంజను ఆయిలే కదా.

నాజిళ్లు ఇంట్లో పరీక్షించవచ్చా?

ఏ సిలిండర్‌లో తేడా ఉందో ఇంట్లోనే పట్టుకోవచ్చు. చల్లని ఇంజను స్టార్ట్ చేసి, ఒక నిమిషం తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఆరు ఎగ్జాస్ట్ గొట్టాల వేడి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా చల్లగా ఉంటే ఆ సిలిండర్ పనిచేయడం లేదు. ఇంజను నడుస్తుండగా ప్లగ్ వైర్లు పీకే పాత అలవాటు ఇక్కడ వద్దు. ఇది కెపాసిటర్ ఇగ్నిషన్, మామూలు కాయిల్ కంటే గట్టిగా కొడుతుంది.

నాజిల్ తెరుచుకోవలసిన ప్రెషర్ 15 నుంచి 18 బార్ల మధ్య. దాన్ని కొలిచేది డీజిల్ నాజిల్ టెస్టర్‌లాంటి చేతి పంపే. కానీ పెట్రోలుతో ఆ పని ఎప్పుడూ చేయకూడదు. మంచులా వచ్చే పెట్రోలు జల్లుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకోసం వేరే పరీక్ష ద్రవం ఉంటుంది, అది ఉన్న షాపులో ఇవ్వండి. జల్లు శంకువులా సమంగా రావాలి, ఆగాక చుక్క కారకూడదు. ఆరింటిలో ఒక్కటి చెడినా ఆరూ పరీక్షించండి.

నాజిళ్లకు వెళ్లే ప్లాస్టిక్ గొట్టాలు పాతవైతే ఆలోచించకుండా మార్చేయండి. ఆ గొట్టాల కింద ఏముందో తెలుసు కదా, కాలుతున్న ఎగ్జాస్ట్. బండిలో అగ్నిమాపక సిలిండర్ ఒకటి ఎప్పుడూ ఉండాలి.

లింకేజీ సెట్టింగ్ అంటే ఏమిటి? ప్రొట్రాక్టర్లు ఎందుకు?

నా ఉద్దేశంలో మొత్తం పనిలో అసలు ప్రాణం ఇదే. జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే.

యాక్సిలరేటర్ తొక్కితే రెండు పనులు ఒకేసారి జరగాలి. ఒకవైపు గాలి దారిలోని ఆరు మూతలు, అంటే త్రాటిల్ బటర్‌ఫ్లైలు, తెరుచుకోవాలి, ఇంకోవైపు పంపు లీవర్ తిరిగి లోపలి క్యామ్‌ను తిప్పాలి. గాలి ఇంత తెరిచానని త్రాటిల్ చెప్పేది, పెట్రోలు ఇంత పోస్తానని పంపు చెప్పేది ఒక్క మాటే కావాలి. రెండు ఎడ్లను కాడికి కట్టినట్టు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి లాగితే బండి వంకర పోతుంది.

అందుకే పంపు లీవర్ మీద ఒక ప్రొట్రాక్టర్, త్రాటిల్ షాఫ్ట్ మీద ఒక ప్రొట్రాక్టర్ బిగించి, పంపు ఇన్ని డిగ్రీలు తిరిగినప్పుడు త్రాటిల్ ఎన్ని డిగ్రీలు తెరుచుకుందో కొలుస్తారు. కొన్ని బిందువుల దగ్గర కొలిచి మోడల్ పట్టికతో పోల్చాలి. చిన్న కోణాల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. మూసి ఉన్న బటర్‌ఫ్లై ఒక్క డిగ్రీ తెరిస్తే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, పూర్తిగా తెరిచాక ఒక డిగ్రీకి పెద్ద లెక్క ఉండదు. సిటీలో నెమ్మదిగా నడిపేటప్పుడు కారు కుదుపులు ఇస్తోందంటే నేను మొదట చూసేది ఇక్కడే.

మొదలుపెట్టే ముందు రాడ్ల చివర ఉండే బాల్ జాయింట్లు కదిపి చూడండి. లొడలొడ ఆడితే కొత్తవి వేయండి. లొడలొడ ఆడే రాడ్డును ఎంత కొలిచినా ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది. తర్వాత రాడ్డు పొడవులు వెర్నియర్‌తో కొలిచి, పుస్తకంలో ఉన్న కొలతకు తెచ్చి, ఆ తర్వాతే ప్రొట్రాక్టర్లు బిగించండి. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు పంపు లీవర్, త్రాటిల్ లీవర్ రెండూ ఒకేసారి వాటి స్టాపర్లను తాకాలి. పూర్తిగా తొక్కినప్పుడు నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందో లేదో ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి చూడండి. కార్పెట్ కింద ముడతపడి పెడల్ సగంలోనే ఆగిన కార్లను కూడా చూశాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఒకసారి మధ్యాహ్నమంతా ఈ కొలతలతో కుస్తీ పట్టాను, ఎంతకీ కుదరలేదు. చివరికి చూస్తే సీట్ల మధ్య హ్యాండ్ త్రాటిల్ లీవర్ అర అంగుళం పైకి ఎత్తి ఉంది. మా అబ్బాయి ఆడుకుని వదిలేశాడు.

ఆరు సిలిండర్ల గాలి సమానం చేయడం ఎలా?

ఇంజను బాగా వేడెక్కాలి. పది నిమిషాలు ఆగిన చోట కాదు, రోడ్డు మీద తిప్పి తీసుకురావాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి ఒక్కో గొట్టం మీద గాలి కొలిచే సింక్రోమీటర్ పెట్టి చూడాలి. ఒక్కో సిలిండర్‌కు ఒక చిన్న గాలి స్క్రూ ఉంటుంది, అది తిప్పితే ఐడ్లింగ్‌లో ఆ సిలిండర్ గాలి మారుతుంది. ఆరూ ఒకే అంకె చూపించాలి, ఇంజను 900 ఆర్‌పీఎమ్ దగ్గర నిలబడాలి.

ఒక బ్యాంకులోని (ఇంజనులో ఒక పక్కనున్న) మూడు సిలిండర్లూ సమానంగా ఉండి, రెండో బ్యాంకు మొత్తం ఎక్కువో తక్కువో ఉంటే స్క్రూలు కాదు, రెండు బ్యాంకులను కలిపే రాడ్డు చూడండి. ఒక సిలిండర్ స్క్రూ పూర్తిగా మూసినా గాలి ఎక్కువే పీలుస్తోందంటే ఆ బటర్‌ఫ్లై పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా షాఫ్ట్ దగ్గర అరిగి గాలి దూరుతోంది. అలాంటి త్రాటిల్ బాడీకి కొత్త బుష్‌లు వేయించక తప్పదు. ఎంత తెలివిగా ట్యూన్ చేసినా ఆ కన్నం పూడదు.

గాలి మారితే మిక్స్చర్ కూడా మారుతుందని మరచిపోవద్దు. అందుకే గాలి ముందు, సీఓ (పొగలోని కార్బన్ మోనాక్సైడ్, మిక్స్చర్‌కు కొలమానం) తర్వాత.

సరే, ఇప్పుడైనా పంపు స్క్రూలు తిప్పవచ్చా?

ఇప్పుడు తిప్పవచ్చు. పంపులో మిక్స్చర్‌కు మూడు సర్దుబాట్లు ఉన్నాయి. మెయిన్ రాక్ అనేది మొత్తం పరిధిని ఒకేసారి పైకో కిందికో జరుపుతుంది. పార్ట్ లోడ్ మధ్యస్థ వేగాలను, ఐడిల్ స్క్రూ ఐడ్లింగ్‌ను మారుస్తుంది. చివరి రెండూ పంపు వెనక గవర్నర్ లోపల ఉంటాయి. ఇంజను ఆపి, సన్నని పొడవాటి సాధనం లోపలికి పెట్టి, స్ప్రింగును నొక్కి గాడిలో కూర్చోబెట్టి తిప్పాలి. ఒక్కో మెట్టుకు చేతికి క్లిక్ తెలుస్తుంది. ఇంజను నడుస్తుండగా మాత్రం ఎప్పుడూ పెట్టకండి, లోపల తిరుగుతున్నవి గవర్నర్ బరువులు.

నా నియమం ఇది. ఒకసారికి ఒకే స్క్రూ, ఒకే క్లిక్. తిప్పగానే నోట్‌బుక్‌లో తేదీ, ఏ స్క్రూ, ఎటువైపు, ముందు అంకె, తర్వాత అంకె. స్క్రూ ముందున్న స్థానానికి ఎప్పుడైనా తిరిగి వెళ్లగలగాలి. ఐడ్లింగ్‌లో సీఓ 3 శాతం దగ్గరకు వస్తే చాలు, అంతకంటే చక్కగా చేద్దామని రాత్రి పన్నెండు దాకా కూర్చోకండి. ఐడ్లింగ్ బాగుండి, రోడ్డు మీద నిలకడగా నడిపేటప్పుడు మాత్రమే తేడా ఉంటే పార్ట్ లోడ్. ఐడ్లింగ్ నుంచి పూర్తి వేగం దాకా ఒకే తీరుగా రిచ్‌గానో లీన్‌గానో ఉంటేనే మెయిన్ రాక్. మెయిన్ రాక్ కదిపితే మిగతా రెండూ మళ్లీ చూసుకోవాలి.

సీఓ మీటర్ కొనాలా, వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టాలా?

వైడ్‌బ్యాండ్, అంటే ఎగ్జాస్ట్‌లో బిగించి గాలి పెట్రోలు నిష్పత్తి చూపించే సెన్సర్. ఆగి ఉన్న కారు సీఓ చూపించే మీటర్ సగం కథే చెబుతుంది, కారు నడిచేది రోడ్డు మీద. సెన్సర్ బిగించి, అంకెలు రికార్డు చేసుకుంటూ ఎత్తుపల్లాల రోడ్డు మీద అరగంట నడిపితే ఏ వేగంలో ఏం జరుగుతోందో ఇంటికొచ్చి ప్రశాంతంగా చూసుకోవచ్చు. సీఓ 3 శాతం అంటే గాలి పెట్రోలు నిష్పత్తి సుమారు 13.5 దగ్గర. స్క్రీన్ చూస్తూ డ్రైవ్ చేయకండి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

ఐడ్లింగ్‌లో వేగం ఎక్కుతోంది, దిగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. ఇది పంపు గొడవేనా?

చాలాసార్లు కరెంటు గొడవ. యాక్సిలరేటర్ వదిలి కారు వాలులో దిగుతున్నప్పుడు పెట్రోలు పూర్తిగా ఆపే సోలనాయిడ్ (కరెంటుతో కదిలే పిన్ను) ఒకటి పంపు మీద ఉంటుంది. త్రాటిల్ మూసుకున్నట్టు మైక్రోస్విచ్ చెప్పాలి, ఇంజను వేగం ఎక్కువగా ఉన్నట్టు ఒక స్పీడ్ రిలే చెప్పాలి, అప్పుడే అది పెట్రోలు ఆపుతుంది. ఐడ్లింగ్ మరీ ఎక్కువగా పెట్టినా, రిలే ముసలిదై లెక్క తప్పినా, ఐడ్లింగ్‌లోనే ఆపడం, వదలడం మొదలుపెడుతుంది. సోలనాయిడ్ వైరు ఊడదీసి చూడండి. ఊగిసలాట ఆగిపోతే దొంగ దొరికాడు.

బెల్టు తెగితే ఇంజను పోతుందా?

పోదు. ఈ బెల్టు పంపును మాత్రమే తిప్పుతుంది, క్యామ్‌షాఫ్ట్‌లకు గొలుసులున్నాయి. కారు ఆగిపోతుంది, అంతే. కొత్త బెల్టు వేసేటప్పుడు క్రాంక్ పుల్లీ మీద ఇంగ్లీషులో ఎఫ్, ఈ అక్షరాలున్న గుర్తును ఇంజను కేసు అతుకుకు, పంపు పుల్లీ గుర్తును పంపు మీది గుర్తుకు ఎదురెదురుగా తేవాలి. పంపు సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి క్రాంక్ గుర్తు సరిపోయినా పంపు గుర్తు అవతలి వైపు ఉండొచ్చు. కంగారు పడకుండా క్రాంక్‌ను ఇంకొక చుట్టు తిప్పండి.

పంపు నేనే విప్పి శుభ్రం చేసుకోవచ్చా?

వద్దు. ప్లంజర్‌కూ దాని గూటికీ మధ్య రబ్బరు సీలు లేదు, లోహం లోహానికి అంత దగ్గరగా కూర్చోవడమే సీలు. ఆరింటి నుంచీ సమానంగా పెట్రోలు వస్తోందో లేదో కొలిచే బెంచి లేకుండా విప్పితే తిరిగి బిగించగలరేమో కానీ సమానం చేయలేరు. ఏళ్ల తరబడి ఆగిన కారులో రాక్ పెట్రోలు జిగురుకు అతుక్కుపోవడం మామూలు. దాన్ని కూడా స్పెషలిస్టుకే పంపండి. మా మేనమామ కూడా కాలిబ్రేషన్ బెంచి లేని రోజుల్లో పంపు ముట్టుకునేవాడు కాదు, ఎదురుగా ఉన్న షెడ్డుకు పంపేవాడు.

911ఈ పంపు చవకగా దొరికింది. నా 911టీకి పెట్టవచ్చా?

బోల్టులు సరిపోతాయి, లెక్కలు సరిపోవు. టీ, ఈ, ఎస్, ఆర్‌ఎస్ ఒక్కోదానికి ఒక్కో క్యామ్ ఆకారం. ఎవరో మీ ఇంజనును 2.7 చేసి, ఎస్ క్యామ్‌షాఫ్ట్‌లు వేసి, టీ పంపు అలాగే ఉంచి ఉంటే మీరు ఎన్ని క్లిక్కులు తిప్పినా ఒక వేగంలో బాగుంటే ఇంకో వేగంలో చెడుతుంది. అప్పుడు చేయవలసింది ఆ ఇంజనుకు తగిన క్యామ్‌ను పంపులో వేయించడం. కారు కొనేముందే ఇంజను నంబరు, పంపు నంబరు రెండూ చూసుకోండి.

ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇబ్బంది ఉందా?

ఉంది. ఇక్కడ కాలిఫోర్నియాలో 10 శాతం, ఇండియాలో ఇప్పుడు 20 శాతం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే పరిమాణం పోస్తే మిక్స్చర్ కాస్త లీన్ అవుతుంది. పంపుకు ఆ సంగతి తెలియదు. అంతకంటే పెద్ద ఇబ్బంది పాత రబ్బరు గొట్టాలు మెత్తబడటం, తేమ పీల్చిన పెట్రోలు ట్యాంకులో, పంపులో తుప్పు పెట్టడం. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయండి. కారు నెలల తరబడి ఆపేటప్పుడు దొరికితే ఇథనాల్ లేని పెట్రోలు పోసి ఆపండి.

కొండ ప్రాంతాలకు వెళితే మళ్లీ సెట్ చేయాలా?

అక్కర్లేదు. పంపులో గాలి ఒత్తిడికి ఉబ్బి ముడుచుకునే ఒక లోహపు డబ్బీ ఉంది, ఎత్తు పెరిగేకొద్దీ అదే పెట్రోలు తగ్గిస్తుంది. సముద్రం ఒడ్డు నుంచి 1,900 మీటర్ల ఎత్తున్న లేక్ టాహో దాకా వెళ్లి వచ్చాను, పొగ లేదు. మీ కారు కొండెక్కగానే నల్లగా పొగ వదిలితే ఆ డబ్బీ చిల్లిపడి ఉండొచ్చు.

ఇంత తలనొప్పి ఎందుకు, కార్బురేటర్లు పెట్టేస్తే పోదా?

చాలామంది అదే చేశారు. అందుకే ఇప్పుడు మంచి పంపు దొరకడం కష్టంగా ఉంది. కార్బురేటర్లతో కారు బాగానే నడుస్తుంది, తప్పు పట్టను. కానీ సరిగ్గా కుదిరిన పంపుతో ఈ ఇంజను యాక్సిలరేటర్‌కు పలికే తీరు వేరు. పెడల్ కదిపిన క్షణంలోనే ఆరు గొట్టాలూ ఒక్కసారిగా గొంతెత్తుతాయి. మార్చేయాలనే నిర్ణయించుకుంటే తీసిన పంపు, త్రాటిల్ బాడీలు, గొట్టాలు అమ్మకుండా డబ్బాలో పెట్టి దాచండి. తర్వాత కొనేవాళ్లు మొదట అడిగేది అవే.

బీఎండబ్ల్యూ 2002 టీఐఐ, ట్రయంఫ్ టీఆర్6 కార్లకు ఇదే పద్ధతా?

క్రమం ఇదే, పరికరాలు వేరు. 2002 టీఐఐలో కూగెల్‌ఫిషర్ పంపు, అందులోనూ ఇలాంటి క్యామే ఉంది, నాజిల్ ప్రెషర్ ఇంకా ఎక్కువ. టీఆర్6లో లూకాస్ పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ ఎలక్ట్రిక్ పంపే అధిక ప్రెషర్ ఇస్తుంది, పెట్రోలును ఎంతెంత పంచాలో ఇంజను వ్యాక్యూమ్ చూసి నిర్ణయిస్తారు. ఇక్కడి అంకెలు వాటికి వాడకండి.

కాలిఫోర్నియాలో పొగ పరీక్ష పాస్ అవ్వాలా?

1975, అంతకు ముందు మోడళ్లకు మినహాయింపు ఉంది. అయినా మీ వెనక వచ్చే కారువాడి మీద దయ ఉంచండి.

నా 1972 కారుకు కుడివైపు తలుపు వెనక ఇంకో చిన్న మూత ఉంది. అది దేనికి?

ఆయిల్ పోయడానికి. ఆ ఒక్క ఏడాది మోడల్‌కే ఆయిల్ ట్యాంకు వెనక చక్రానికి ముందు పెట్టి బయటి నుంచి మూత ఇచ్చారు. పెట్రోలు బంకుల్లో పనివాళ్లు అదే పెట్రోలు మూత అనుకుని ఆయిల్ ట్యాంకులో పెట్రోలు కొట్టడంతో 1973లో పాత చోటికే మార్చారు. కారు ఎవరికైనా నడపడానికి ఇస్తే తాళాలు చేతిలో పెట్టేముందు ఈ సంగతి చెప్పండి. పెట్రోలు మూత ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీద ఉంటుంది.